ప్లాటు కొనేముందు బేగంబజార్ చూసి రండి

శివారులో ప్లాటు చూడడానికి వెళ్లినవాళ్లు ముందుగా అడిగేది ఒకటే: "దగ్గర్లో షాపులున్నాయా?" దాని గురించి అంత కంగారు అక్కర్లేదు. నాలుగిళ్లు లేస్తే కిరాణా కొట్టు దానంతటదే వస్తుంది. కింద కారు పెట్టుకునే జాగాకు షట్టర్ బిగిస్తే చాలు. అలా రానివి పార్కు, బడి స్థలం, పబ్లిక్ టాయిలెట్. ముందే జాగా వదలకపోతే ఏమవుతుందో బేగంబజార్‌లో కళ్లారా చూడొచ్చు.

రెండో ఆసఫ్‌జా నిజాం అలీఖాన్ భార్య హుమ్దా బేగం వ్యాపారులకిచ్చిన స్థలంలో ఈ బజారు వెలిసిందని చెబుతారు. అంటే రెండొందల ఏళ్ల పైమాటే. జీడిపప్పు, ఎండుమిర్చి, ఇత్తడి బిందెలు, స్టీలు సామాన్లు, ప్లాస్టిక్ డబ్బాలు... పెళ్లికి కావలసినవి చాలావరకు ఒక్కపూటలో కొనేయొచ్చు. కానీ ఆ సందుల్లో బస్తాల బండికి ఆటో ఎదురొస్తే ఏదో ఒకటి వెనక్కి పోవాల్సిందే. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ సంచులు దించుకుని కాసేపు కూర్చోవాలంటే ఏ షాపు మెట్టో దిక్కు. వ్యాపారం ఎంత పెరిగినా జాగా పెరగదు కదా.

అక్కడికి కొద్ది దూరంలోనే మొజంజాహీ మార్కెట్ ఉంది. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు హయాంలో, 1935లో దాన్ని కట్టారు. షాపుల మధ్య ఆవరణను ఖాళీగా ఉంచారు. జనం ఇవాళ్టికీ అక్కడ కూర్చుని ఐస్‌క్రీం తింటున్నారంటే, ప్లాను గీసినప్పుడే ఆ జాగా వదిలారు కాబట్టే.

సరే, మన కాలనీకి ఎన్ని షాపులు కావాలి? కేంద్ర ప్రభుత్వ పట్టణ ప్రణాళికా మార్గదర్శకాల ప్రకారం రోజువారీ అవసరాలకు 110 మందికి ఒక షాపు చాలు. 5,000 జనాభాకు 1,500 చదరపు మీటర్ల చిన్న షాపింగ్ సెంటర్, అంటే సుమారు 1,800 గజాలు.

పది ఎకరాల లేఅవుట్ తీసుకుందాం. రోడ్లు, ఖాళీ జాగా పోగా 200 గజాల ప్లాట్లు రమారమి 140 వస్తాయి. ఇంటికి నలుగురు చొప్పున 560 మంది. వీళ్లకు ఐదు షాపులు సరిపోతాయి: కిరాణా, పాలు, కూరగాయలు, మందులు, ఇస్త్రీ. పెద్ద బజారు ఇంటి పక్కనే ఉండాలా? అక్కర్లేదు. ఏడాదికి రెండుమూడుసార్లు పడే పని అది. 2018 సెప్టెంబరు నుంచి కేపీహెచ్‌బీ కాలనీలో మెట్రో ఎక్కినవాళ్లు రైలు మారకుండా ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్లో దిగుతున్నారు. బేగంబజార్ అక్కడికి దగ్గరే.

ఇప్పుడు అసలు లెక్క. అనుమతి ఉన్న లేఅవుట్‌లో పదిశాతం స్థలం అందరి కోసం వదలాలి. ఎకరానికి 484 గజాలు. మన పది ఎకరాల్లో 4,840 గజాలు, తలకు ఎనిమిదిన్నర గజాల పైచిలుకు. ఫరవాలేదనిపిస్తుంది. కానీ ఎవరి ప్లాటులో వాళ్లు పైన రెండంతస్తులు వేసి అద్దెకిస్తే? జనం మూడింతలవుతారు, పార్కు మాత్రం అంతే ఉంటుంది. తలకు మూడు గజాలు కూడా రావు. ఒక మంచం వేస్తే నిండిపోయేంత జాగా. షాపులంటారా, అప్పటికి ఐదు కాస్తా పదిహేను అవుతాయి, ఎవరూ చెప్పకుండానే.

అనుమతి లేని లేఅవుట్‌లో తక్కువకు వస్తోంది కదా, తర్వాత క్రమబద్ధం చేయించుకోవచ్చు కదా అంటారా? తెలంగాణలో 2020 ఎల్‌ఆర్‌ఎస్, అంటే అనధికార లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం, ఆ పదిశాతం జాగా లేనిచోట ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టమంది. పది లక్షల ప్లాటుకు 1 లక్షా 40 వేలు. కాగితాలు సక్రమమవుతాయి. మీ పిల్లలు ఆడుకునే జాగా మాత్రం మీ వీధిలోకి రాదు. నా దృష్టిలో ఇది తీరని నష్టం.

అందుకే బేరం మొదలుపెట్టే ముందు రెండు కాగితాలు అడగండి. ఒకటి, అనుమతి పొందిన లేఅవుట్ ప్లాను. రెండోది గిఫ్ట్ డీడ్, అంటే రోడ్లు, పార్కు స్థలాన్ని మున్సిపాలిటీకో పంచాయతీకో ఉచితంగా రాసిచ్చిన దస్తావేజు. ప్లాను చేతపట్టుకుని పార్కు అని రాసి ఉన్న చోటికి నడవండి. అక్కడ హద్దురాళ్లున్నాయా, ఎవరైనా షెడ్డు వేశారా, ఆ జాగా నాలా గట్టున మూలకు తోసేసిన ముక్కా అన్నది చూశాకే అడ్వాన్సు ఇవ్వండి.