లాప్‌టాప్ నత్తలా నడుస్తుందా? మదర్‌బోర్డు మార్చే ముందు ఈ ఐదు చూడండి

పోయిన ఎపిసోడ్‌లో లైనక్స్ లాప్‌టాప్ స్లో అవడం గురించి మాట్లాడితే చాలామంది వాయిస్ మెసేజ్‌లు పెట్టారు. "అన్నా, డ్యూటీకి పోతూ బస్సులో విన్నాం, ఫైళ్ల పేర్లు రాసుకోలేదు" అన్నారు. అందుకే ఇక్కడ నిదానంగా రాస్తున్నా. నేను చదివింది ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడ్, చేసేది సైట్ సూపర్‌వైజర్ పని. కాబట్టి మన సైట్ భాషలోనే చెప్తా.

సైట్‌లో డీజిల్ జనరేటర్‌కి గవర్నర్ ఉంటుంది గదా. లోడ్ పెరిగినా తగ్గినా ఇంజన్ 1500 ఆర్‌పీఎం దగ్గరే తిరిగేలా డీజిల్ సర్దుతుంది, అప్పుడే 50 హెర్ట్జ్ కరెంటు వస్తుంది. లైనక్స్ కెర్నల్‌లో కూడా గవర్నర్ అనే పేరుతోనే ఒక భాగం ఉంది. కాకపోతే దాని పని వేరు. అది స్పీడునే మారుస్తుంది. పని లేనప్పుడు ప్రాసెసర్ స్పీడు తగ్గిస్తుంది, పని పడితే పెంచుతుంది. స్పీడుతో పాటు వోల్టేజీ కూడా తగ్గుతుంది. పవర్ ఖర్చు వోల్టేజీ వర్గంతో మారుతుంది కాబట్టి కొంచెం తగ్గించినా బ్యాటరీ బాగా మిగులుతుంది, వేడీ తగ్గుతుంది.

అందుకే ఒక మాట గుర్తుపెట్టుకోండి. ఖాళీగా ఉన్నప్పుడు స్పీడు తక్కువ చూపిస్తే అది రోగం కాదు. పని పడ్డాక కూడా పెరగకపోతేనే రోగం. ముందు ఒక పెద్ద వీడియో, నాలుగైదు ట్యాబులు తెరిచి, ఆ తర్వాత చూడండి.

ఎక్కడ చూడాలి? ఫైల్ మేనేజర్‌లో కంప్యూటర్ తెరిచి, సిస్ అనే ఫోల్డర్‌లోకి వెళ్లండి. అందులో డివైజెస్, అందులో సిస్టమ్, అందులో సీపీయూ, అందులో సీపీయూ సున్నా, చివర సీపీయూఫ్రీక్. ఇవి మామూలు ఫైళ్లలాగే తెరుచుకుంటాయి. చూస్తే ఏమీ పాడవదు. అంకెలు కిలోహెర్ట్జ్‌లో ఉంటాయి, మన లక్షల లెక్కలో చదివితే సులువు. 24 లక్షలు అంటే 2.4 గిగాహెర్ట్జ్. 8 లక్షలు అంటే 0.8. ఒకసారి చూసిన ఫైలు తనంతట తాను మారదు, మూసి మళ్లీ తెరవాలి. సీపీయూ ఒకటి, రెండు అని పక్క ఫోల్డర్లు కూడా చూడండి, పని వాటి మీద పడి ఉండొచ్చు.

ఒకటి, గవర్నర్. స్కేలింగ్ గవర్నర్ ఫైల్‌లో పేరు ఉంటుంది. పర్ఫార్మెన్స్ అంటే ఎప్పుడూ ఫుల్ స్పీడు కోరుతుంది. ఆన్‌డిమాండ్, షెడ్‌యుటిల్ అయితే పనిని బట్టి మారుస్తాయి. పవర్‌సేవ్ అని ఉంటే తొందరపడొద్దు, పక్కన స్కేలింగ్ డ్రైవర్ ఫైల్ కూడా చూడండి. ఏసీపీఐ డ్రైవర్ ఉంటే పవర్‌సేవ్ అంటే కింది స్పీడులోనే కట్టేసినట్టు. ఇంటెల్ పీస్టేట్ ఉంటే పేరు పవర్‌సేవ్ అయినా పని పడితే స్పీడు పెంచుతుంది, అది మామూలే. మార్చాలంటే సెట్టింగ్స్‌లో పవర్‌కి వెళ్లి బ్యాలెన్స్‌డ్ గానీ పర్ఫార్మెన్స్ గానీ పెట్టడం తేలిక.

రెండు, గరిష్ఠ హద్దు. సీపీయూఇన్ఫో మ్యాక్స్ ఫ్రీక్ అంటే ప్రాసెసర్ చేయగలిగిన స్పీడు. స్కేలింగ్ మ్యాక్స్ ఫ్రీక్ అంటే ప్రస్తుతం అనుమతి ఉన్న స్పీడు. రెండోది బాగా తక్కువ ఉంటే ఎవరో హద్దు పెట్టారు. బ్యాటరీ ఆదా చేసే టీఎల్‌పీ లాంటి ప్రోగ్రామ్ ఉందేమో చూడండి. ఫైల్‌లో అంకె మార్చినా రీస్టార్ట్ చేస్తే పోతుంది, కాబట్టి పెట్టినవాడినే సరిచేయాలి. బయాస్ లిమిట్ అనే ఫైల్ కనిపించి అందులో తక్కువ అంకె ఉంటే, హద్దు బయాస్ నుంచి వస్తోంది.

మూడు, వేడి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని ఆపుతారు గదా, ప్రాసెసర్‌ది కూడా అదే పద్ధతి. వేడి హద్దు దాటితే ప్రాణం కాపాడుకోవడానికి తనే స్పీడు తగ్గిస్తుంది. ఇంటెల్ అయితే సీపీయూ సున్నా ఫోల్డర్‌లోనే థర్మల్ థ్రాటిల్ అని ఉంటుంది, అందులో కోర్ థ్రాటిల్ కౌంట్ చూడండి. ఆన్ చేసినప్పటి నుంచి ఎన్నిసార్లు వేడికి తగ్గిందో ఆ అంకె చెప్తుంది. వీడియో నడుస్తుంటే అది పెరుగుతూ పోతే ఫ్యాన్‌లో దుమ్ము, ఎండిపోయిన పేస్ట్ అన్నమాట. మన సైట్ దుమ్ముకి, పరుపు మీద పెట్టి వాడే అలవాటుకి ఇది సహజం. శుభ్రం చేయించి పేస్ట్ మార్పిస్తే చాలు.

నాలుగు, ఛార్జర్. ఇది చాలామందికి తెలియదు. మా క్యాంపులో జగిత్యాల తమ్ముడు ఒకడు మేస్త్రీ పని చేస్తూనే క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ పరీక్షకి చదువుతున్నాడు. పాత లాప్‌టాప్ కొన్నాడు. పాఠాల వీడియో ఆగి ఆగి నడిచేది. ఒక షాపులో మదర్‌బోర్డు పోయింది, 450 దిర్హాములు అన్నారట. అంటే ఆ నెల ఇంటికి పంపే దాంట్లో సగం. పరీక్షకి ఇంకా మూడు వారాలే. గవర్నర్ బాగుంది, హద్దు బాగుంది, వేడి లేదు, కానీ స్పీడు 4 లక్షలు దాటట్లేదు. ఛార్జర్ పీకేసి చూస్తే బ్యాటరీ మీద వెంటనే 20 లక్షలు దాటింది! ఛార్జర్ వేరే కంపెనీది, వాట్లు తక్కువ. కొన్ని లాప్‌టాప్‌లు తనకు తెలియని ఛార్జర్ పెడితే ప్రాసెసర్‌కి "వేడెక్కావు, తగ్గు" అనే సిగ్నల్ పంపుతాయి. దాని పేరు ప్రోక్‌హాట్. ఆ సిగ్నల్ ముందు ఏ గవర్నర్ మాటా చెల్లదు. సరైన వాట్ల ఛార్జర్ తెచ్చాక సమస్య తీరింది.

ఆ సిగ్నల్‌ని ఆపేసే ట్రిక్కులు నెట్‌లో దొరుకుతాయి. వద్దు. ఎంసీబీ ట్రిప్ అవుతోందని దాన్ని తప్పించి వైరు కలపడం లాంటిది అది. నిజంగా వేడెక్కిన రోజు కాపాడేవాడు ఉండడు.

ఐదు, సీపీయూఫ్రీక్ ఫోల్డరే లేకపోతే. డ్రైవర్ ఎక్కలేదని అర్థం. బయాస్‌లో స్పీడ్‌స్టెప్ ఆఫ్ అయి ఉందేమో చూసి ఆన్ చేయండి. వర్చువల్ మెషిన్ లోపల చూస్తుంటే మాత్రం ఈ ఫోల్డర్ లేకపోవడం మామూలే.

రిపేర్ షాపుకి పోయేటప్పుడు ఈ అంకెలు ఫోన్‌లో ఫొటో తీసుకుని పొండి. "పని పడినా 4 లక్షలు దాటట్లేదు, థ్రాటిల్ కౌంట్ సున్నా ఉంది" అని చెప్పి చూడండి, వాళ్ల జవాబు మారుతుంది. అర్థం కాకపోతే ఆ ఫొటోలతో వాయిస్ మెసేజ్ పెట్టండి, శుక్రవారం సెలవు పూట కూర్చుని చూస్తా.