పేరు అక్కర్లేదు... మాట చాలు!

మాక్ టెస్టులకో గ్రూపు, జాబ్ నోటిఫికేషన్లకో గ్రూపు, రెజ్యూమె సలహాలకో గ్రూపు. మీ ఫోన్లో అన్నీ ఉన్నాయి. మరి రాత్రి పదకొండు దాటాక 'ఈ ఒక్కసారికే' అని మనసు లాగేస్తుంటే ఎవరికి మెసేజ్ పెడతారు? ఇంట్లో చెబితే అమ్మ ఏడుస్తుంది. కాలేజీలో తెలిస్తే పరువు పోతుంది. రూమ్మేట్‌కి చెబితే తనే ఇంకో గ్లాసు పోస్తాడు. మద్యం, గంజాయి, మాత్రలు... ఏదైనా సరే, మానేద్దామనుకునే చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి. మీరు ఒంటరి కాదు. ఎయిమ్స్ ఆధ్వర్యంలో జరిగి 2019లో విడుదలైన జాతీయ సర్వే ప్రకారం, దేశంలో 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో 14.6 శాతం మంది మద్యం తాగుతున్నారు.

మందు మానిన ఇద్దరితో మొదలు

1935లో బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకర్ పని మీద అమెరికాలోని ఆక్రన్ వెళ్లాడు. పని చెడింది. తాగాలనిపించింది. బార్‌కి వెళ్లే బదులు, తనలాగే తాగుడుతో అవస్థపడే మరొకరి కోసం ఫోన్లు తిప్పాడు. అలా కలిసినవారే డాక్టర్ బాబ్ స్మిత్. 'ఆల్కహాలిక్స్ అనానిమస్' (ఏఏ) అలా పుట్టింది. 1953లో మత్తుపదార్థాల బాధితుల కోసం కాలిఫోర్నియాలో 'నార్కోటిక్స్ అనానిమస్' మొదలైంది. 2020 లాక్‌డౌన్‌లో చాలా మీటింగులు జూమ్‌లోకి వచ్చేశాయి. ఇప్పుడు హాస్టల్ గదిలోంచే ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని చేరొచ్చు.

పద్ధతి సింపుల్. ఒకరు మాట్లాడతారు, మిగతావాళ్లు వింటారు. మధ్యలో అడ్డుపడటం, క్లాసు పీకడం ఉండదు. ఫీజు లేదు. జీవితాంతం మానేస్తానని ఒట్టు పెట్టమనరు. ఇవాళ్టికి ముట్టుకోకుండా ఉంటే చాలంటారు. ఏఏ 12 మెట్లలో దేవుడి ప్రస్తావన ఉంటుంది. అది నచ్చకపోతే 'స్మార్ట్ రికవరీ' ఉంది. అది మన ఆలోచనల్ని మార్చుకునే మెలకువల మీద నడుస్తుంది.

ఇవి పనిచేస్తాయా? 2020లో కాక్రేన్ సంస్థ 27 అధ్యయనాలను పరిశీలించింది. పూర్తిగా మానేసి నిలబడటంలో ఏఏ, దానివైపు నడిపించే చికిత్సలు మిగతా పద్ధతులకంటే మెరుగని తేల్చింది. ఇది మద్యానికి సంబంధించిన లెక్క. అందరికీ, అన్నింటికీ ఇదే ఫలితమని అనుకోవద్దు.

చేరేముందు ఇవి సరిచూసుకోండి

* వాట్సాప్ గ్రూపులో మీ నంబరు తోటి సభ్యులకు కనిపిస్తుంది. జూమ్ అయితే పేరు మార్చుకోవచ్చు, కెమెరా ఆపేయొచ్చు.
* రెజ్యూమెలో ఇచ్చిన ఈమెయిల్ వాడొద్దు. దీనికోసం వేరేది తెరవండి.
* కాలేజీ, ఊరు, కంపెనీ పేర్లు చెప్పొద్దు. డిసప్పియరింగ్ మెసేజ్ పెట్టినా స్క్రీన్‌షాట్ ఆగదు.
* డబ్బు అడిగినా, 'ఈ మాత్ర వేసుకో' అన్నా, సరుకు ఊసెత్తినా వెంటనే బయటికొచ్చేయండి.

గ్రూపు డాక్టర్ కాదు

ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు, చాలాకాలంగా నిద్రమాత్రలు వాడేవాళ్లు ఒక్కసారిగా ఆపేస్తే ఫిట్స్ రావొచ్చు, ప్రాణం మీదికి రావొచ్చు. వాళ్లు ముందు డాక్టర్‌ని కలవాలి. గ్రూపు ఆ పక్కన ఉండే తోడు మాత్రమే. మత్తు విముక్తికి జాతీయ హెల్ప్‌లైన్ 14446. మానసిక ఆరోగ్యానికి టెలీ మానస్ 14416. రెండూ ఉచితమే.

'ఆసుపత్రికెళ్తే విషయం బయటికి పొక్కుతుందేమో' అని భయమా? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు ఇచ్చింది. మత్తుకు అలవాటుపడి, వాడకం లేదా కొద్ది పరిమాణం కేసులో ఇరుక్కున్నవారు తమంతట తాముగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు ముందుకొస్తే, ఎన్‌డీపీఎస్ చట్టం 64ఎ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు.

ఇంటర్వ్యూలో గ్యాప్ గురించి అడిగితే? అబద్ధం అల్లక్కర్లేదు, కథంతా విప్పక్కర్లేదు. 'ఆరోగ్య కారణాలతో ఆగాను. ఇప్పుడు బాగున్నాను. ఈమధ్య ఈ కోర్సు, ఈ ప్రాజెక్టు చేశాను' అని చెప్పి, చేసిన పని చూపించండి. చాలు.

నలభై రోజులు ఆగి, నలభై ఒకటో రోజు జారిపోయారా? 'ఎలాగూ చెడింది కదా' అని వదిలేస్తేనే అసలు నష్టం. మళ్లీ మీటింగుకి వెళ్లండి, జరిగింది జరిగినట్టు చెప్పండి. అక్కడున్నవాళ్లలో చాలామంది అలా పడి లేచినవాళ్లే.

మొదటిరోజు మీరేం మాట్లాడక్కర్లేదు. కెమెరా ఆపేసి, మైక్ మ్యూట్ చేసి, ఒక్క మీటింగు వినండి. రెండోది వినాలో వద్దో ఆ తర్వాత చూసుకోవచ్చు.