తిరుమల నడకదారిలో చిరుత ఎదురైతే.. పరుగెత్తొద్దు! ముందు పిల్లల్ని ఎత్తుకోండి

అలిపిరి మెట్లదారి శేషాచలం అడవిలోంచే వెళ్తుంది. చిరుతలు తిరిగే చోటే అది. 2023 జూన్‌లో ఈ దారిలోనే మూడేళ్ల బాబును చిరుత లాక్కెళ్లి వదిలేసింది. బాబు ప్రాణాలతో బయటపడ్డాడు. ఆగస్టులో మాత్రం ఆరేళ్ల పాప ప్రాణం పోయింది.

రెండుసార్లూ చిన్నపిల్లలే.. రెండుసార్లూ చీకటి పడ్డాకే! కారణం సింపుల్. చిరుత మామూలుగా వేటాడేది కుక్కలు, జింకపిల్లల్లాంటి చిన్న జంతువుల్ని. పిల్లల ఎత్తూ దాదాపు అంతే. అందుకే నాలుగు మెట్లు ముందు పరుగెత్తే పిల్లాడికే డేంజర్ ఎక్కువ. పిల్లలు ఎప్పుడూ పెద్దల మధ్యలో, చెయ్యి పట్టుకునే నడవాలి. ఆ ఘటన తర్వాతే 15 ఏళ్లలోపు పిల్లల్ని మధ్యాహ్నం 2 దాటితే నడకదారిలోకి పంపకూడదని టీటీడీ నిర్ణయించింది.

మరి చిరుత కనిపిస్తే? పరుగెత్తితే వెంటపడుతుంది. దాని మీంచి చూపు తిప్పకుండా పిల్లల్ని ఎత్తుకోండి. కూర్చోవద్దు, వీపు చూపించొద్దు. చేతులు పైకెత్తి గట్టిగా అరుస్తూ, మెల్లగా వెనక్కి అడుగులేయండి. అది పోవడానికి దారి వదలండి. వీడియో తర్వాత సంగతి! మీదకొస్తే మాత్రం చేతికి ఏది దొరికితే దాంతో కొట్టాల్సిందే. అప్పట్లో భక్తులకు కర్రలిస్తే సోషల్ మీడియాలో తెగ జోకులేశారు కానీ, వట్టి చేతులకన్నా కర్ర నయమే కదా.

ఇంకో మాట.. మిగిలిన తిండి దారిలో పడేయకండి. దానికోసం కుక్కలు, పందులు వస్తాయి. వాటికోసం చిరుత వస్తుంది.