అందరి సర్వరులో ఎవరి గూడు వారిది
పాఠశాల కంప్యూటరు గదిలో ఫోల్డర్లకు తాళం వేసే తీరు

నాయుడుపేట: వసతిగృహంలో చేరే పిల్లవాడికి తల్లిదండ్రులు ముందుగా కొనిచ్చేది ట్రంకు పెట్టె, దానికో తాళం. గది అందరిదీ, పెట్టె మాత్రం అతడిదే. పాఠశాల కంప్యూటరు గదికి వచ్చేసరికి ఈ ఏర్పాటు తరచూ లోపిస్తుంది. నలభై మంది విద్యార్థులు తమ అభ్యాసాలను, ప్రాజెక్టులను, ఫొటోలను ఒకే సర్వరులో, ఒకే ఫోల్డరులో దాచుకుంటారు. ఉపాధ్యాయుల మార్కుల జాబితాలు, ప్రశ్నపత్రాల ముసాయిదాలు, ప్రవేశాల వేళ స్కాన్ చేసిన ఆధార్ ప్రతులు కూడా దాని పక్కనే ఉండవచ్చు. ఒకరి ప్రాజెక్టును మరొకరు తెరిచి తమ పేరు పెట్టుకున్నా, ఆకతాయితనంతో చెరిపేసినా ఎవరి పనో తేల్చడం కష్టం. ఒక బాలిక ఫొటో పెన్‌డ్రైవులో గది దాటితే జరిగే నష్టం అంతకన్నా పెద్దది.

ఈ సమస్య కంప్యూటర్లను పంచుకోవడం మొదలైన నాటి నుంచే ఉంది. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఫెర్నాండో కోర్బటో బృందం 1960 దశకం ఆరంభంలో ఒకే యంత్రాన్ని అనేకులు వాడుకునే విధానాన్ని రూపొందించింది. ఎవరి ఫైళ్లు వారికే దక్కాలన్న ఉద్దేశంతో అందులో పాస్‌వర్డు ప్రవేశపెట్టారు. 1962లో అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి తనకు కేటాయించిన సమయం చాలక, పాస్‌వర్డులు దాచిన ఫైలునే యంత్రం చేత అచ్చు వేయించుకున్నాడు. తాళాలన్నీ బాగానే ఉన్నాయి, తాళంచెవుల గుత్తి మాత్రం బల్లమీద ఉండిపోయింది. పాఠశాల గదుల్లో నేటికీ జరుగుతున్నది దాదాపు ఇదే.

మన రాష్ట్రంలో ఈ పంపకం మరింత దగ్గరగా సాగింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లో 5 వేల ప్రభుత్వ పాఠశాలల్లో కంప్యూటరు విద్య పథకం చేపట్టినప్పుడు ఎన్‌కంప్యూటింగ్ పరికరాలను ఎంచుకున్నారు. ఒక సీపీయూకు పలు తెరలు, కీబోర్డులు తగిలించి ఏకకాలంలో పలువురు పనిచేసే విధానమిది. ఖర్చు, విద్యుత్తు రెండూ ఆదా అయ్యాయి. అయితే పిల్లల ముందు తెరలు వేరైనా, వారు రాసినదంతా చేరేది ఒకే హార్డ్‌డిస్కులోకి. 2022 డిసెంబరులో ప్రభుత్వం ఎనిమిదో తరగతి వారికి ట్యాబ్‌లు అందజేసినప్పుడు ఎవరి పరికరం వారి చేతికొచ్చింది గానీ, కంప్యూటరు గది ఉన్న బడిలో పంచుకోవడం తప్పదు.

పేరు లేనిదే తాళం లేదు

అన్నిటికన్నా ముందు చూడవలసింది లాగిన్. తరగతి మొత్తానికి 'స్టూడెంట్' అనే ఒకే పేరు, గోడమీద రాసిన ఒకే పాస్‌వర్డు ఉంటే ఆపై చేసే ఏ ఏర్పాటూ ఫలించదు. సర్వరు మనిషిని ముఖం చూసి గుర్తుపట్టదు, కుర్చీని చూసి అసలే గుర్తుపట్టదు. అది గుర్తించేది యూజరు పేరును మాత్రమే. కాబట్టి ప్రతి విద్యార్థికీ విడి ఖాతా తెరవాలి. హాజరు పట్టీలోని ప్రవేశ సంఖ్యనే యూజరు పేరుగా పెడితే ఒకే పేరున్న పిల్లల మధ్య తికమక ఉండదు. విద్యార్థులను ఒక సమూహంగా, ఉపాధ్యాయులను మరో సమూహంగా చేర్చుకుంటే తర్వాతి పని సులువవుతుంది. రెండు వందల ఖాతాలు తెరవడానికి ఒక పూట పడుతుందని వెనుకాడేవారున్నారు. పోయిన మార్కుల జాబితా మళ్లీ తయారు చేయడానికి అంతకంటే ఎక్కువే పడుతుంది.

హార్డ్‌డిస్కు ఏ పద్ధతిలో ఫార్మాట్ అయిందో కూడా చూడాలి. ఫ్యాట్32 పద్ధతిలో ఫైలు ఎవరిదన్న వివరమే నమోదు కాదు. విండోస్‌లో ఎన్‌టీఎఫ్ఎస్ ఉంటేనే ఒక్కో ఫోల్డరుకు ఒక్కొక్కరి అనుమతి నిర్ణయించగలం. చాలా పెన్‌డ్రైవులు ఫ్యాట్ తరహావే. సర్వరులో ఎంత కట్టుదిట్టంగా ఉన్న ఫైలైనా వాటిలోకి నకలు చేయగానే తాళం ఊడిపోతుంది.

రెండు తలుపులు

విండోస్ సర్వరులో ఫోల్డరుకు రెండు తలుపులుంటాయి. నెట్‌వర్కు ద్వారా వచ్చేవారిని ఆపే షేర్ అనుమతి ఒకటి, డిస్కు మీదనే ఉండే ఎన్‌టీఎఫ్ఎస్ అనుమతి రెండోది. నెట్‌వర్కులో వచ్చినవారు రెండూ దాటాలి, వాటిలో ఏది కఠినమైతే అదే చెల్లుతుంది. సర్వరు ముందే కూర్చుని పనిచేసేవారికి మాత్రం మొదటి తలుపు అడ్డు రాదు. ఒకే సీపీయూకు తెరలు తగిలించిన గదుల్లో పిల్లలందరూ ఈ కోవకే వస్తారు. ఫైళ్లు ఆ సీపీయూలోనే ఉంటే అక్కడ షేర్ అనుమతులను నమ్ముకోవడం వీధి గేటుకు తాళం వేసి ఇంట్లో ఉన్నవారిని ఆపాలనుకోవడమే. అసలు కాపలా ఎన్‌టీఎఫ్ఎస్ దగ్గరే ఉండాలి.

చిక్కంతా వారసత్వంతో వస్తుంది. కొత్త ఫోల్డరు తనపై ఉన్న ఫోల్డరు నుంచి అనుమతులను తెచ్చుకుంటుంది. డ్రైవు మొదట్లో 'యూజర్స్' సమూహానికి చదివే హక్కు ముందుగానే ఉంటుంది గనుక, లోపల తెరిచిన రాముడి ఫోల్డరు భీముడికీ తెరుచుకుంటుంది. విద్యార్థుల ఫోల్డర్లన్నిటినీ ఉంచే ప్రధాన ఫోల్డరు దగ్గర ఈ వారసత్వాన్ని తెంచాలి. అక్కడ నిర్వాహకులకు, 'సిస్టమ్'కు పూర్తి అధికారం ఉంచాలి. విద్యార్థుల సమూహానికి చదివే అనుమతి 'ఈ ఫోల్డరుకు మాత్రమే' అన్న పరిమితితో ఇవ్వాలి. ఈ పరిమితి మరిస్తే అనుమతి కిందికి జారిపోయి మళ్లీ మొదటికే వస్తుంది. ఆపై ఒక్కో ఫోల్డరులో దాని సొంతదారుకు 'మాడిఫై' అనుమతి ఇస్తే చాలు, పూర్తి అధికారం అక్కర్లేదు. పూర్తి అధికారం చేతికొస్తే పిల్లలు స్నేహితులకు తామే తలుపులు తెరుస్తారు.

కొందరు తొందరపడి 'డినై' గడిలో టిక్కు పెడతారు. నిరాకరణ సాధారణంగా అనుమతిని మించి చెల్లుతుంది. 'ఎవ్రీవన్'కు నిరాకరిస్తే ఆ పెట్టినవారే బయట నిలబడవలసి వస్తుంది. ఇవ్వకూడని వారికి ఇవ్వకుండా ఊరుకోవడమే సరైన నిరాకరణ.

లినక్స్ సర్వరులో పని చిన్నది. ఒక్కో విద్యార్థి హోమ్ డైరెక్టరీకి 'సీహెచ్‌మాడ్ 700' అని ఆదేశిస్తే సొంతదారు తప్ప సాధారణ వినియోగదారులెవరూ తొంగిచూడలేరు. ఉబుంటులో 2021 నాటి 21.04 కూర్పుకు ముందు హోమ్ డైరెక్టరీలు ఇతరులు చదివేలా తెరిచే ఉండేవి. పాత కూర్పు వాడుతున్నవారు ఇది తప్పక సరిచూసుకోవాలి. విండోస్ కంప్యూటర్లతో కలిపే సాంబాలో 'హోమ్స్' విభాగం ఎవరికి వారి ఫోల్డరునే చూపడానికి ఉద్దేశించినది.

దాచడం వేరు, తాళం వేరు

షేర్ పేరు చివర డాలరు గుర్తు పెడితే అది జాబితాలో కనిపించదు. పేరు తెలిసినవారు టైపు చేస్తే మాత్రం అనుమతుల మేరకు తెరుచుకుంటుంది. దీన్ని రక్షణగా లెక్కించరాదు. అనుమతి లేని ఫోల్డర్లు కంటికే ఆనకుండా చేసే సదుపాయం 2005లో విండోస్ సర్వర్ 2003కు తోడుగా వచ్చింది, తర్వాతి కూర్పుల్లోనూ ఉంది. నెట్‌వర్కులో చూసేవారికే ఇది వర్తిస్తుంది. తాళాలు వేశాక దీన్ని అమరిస్తే పక్కవాడి ఫోల్డరు మీద పిల్లలకు ఆసక్తే పుట్టదు.

నిర్వాహకుడి సంగతి వేరు. ఆ ఖాతా ఏ ఫోల్డరునైనా స్వాధీనం చేసుకోగలదు. కనుక దాని పాస్‌వర్డు ఒకరిద్దరు బాధ్యుల వద్దే ఉండాలి, రోజువారీ పాఠాలకు దాన్ని వాడరాదు. సర్వరుకు ఎప్పటికప్పుడు అప్‌డేట్లు వేయడమూ ఇందులో భాగమే. 2017 మేలో ప్రపంచాన్ని వణికించిన వనాక్రై వైరస్, విండోస్‌లో ఫోల్డర్లు పంచుకునే పాత విధానంలోని లోపం గుండానే వ్యాపించింది. రాష్ట్ర పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. ఎస్ఎంబీ మొదటి కూర్పు అనే ఆ పాత విధానం సర్వరులో ఇంకా పనిచేస్తుంటే ఆపివేయాలి.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారిని పిల్లలుగానే పరిగణిస్తుంది. పదో తరగతి వారంతా ఆ లెక్కలోకే వస్తారు. వారి ఆధార్ ప్రతులు, కుల ధ్రువీకరణ పత్రాలు కంప్యూటరు గది సర్వరులో కాక కార్యాలయపు కంప్యూటరులో ఉండడమే మేలు.

అంతా అమర్చాక పరీక్షించే పద్ధతి ఒక్కటే. ఒక విద్యార్థి ఖాతాతో లాగిన్ అయి, మరో విద్యార్థి ఫోల్డరును, ఉపాధ్యాయుల ఫోల్డరును తెరిచే ప్రయత్నం చేయాలి. నిర్వాహకుడి ఖాతాతో చూసి అంతా బాగుందనుకోవడం వృథా, ఆయనకు అన్నీ తెరుచుకుంటాయి. ఫైళ్లను ఒకే డ్రైవులో కట్, పేస్ట్ పద్ధతిలో తరలించినప్పుడు పాత అనుమతులే వెంట రావచ్చు. ఉమ్మడి ఫోల్డరులో తయారు చేసిన ప్రశ్నపత్రాన్ని సొంత ఫోల్డరులోకి మార్చిన ఉపాధ్యాయులు ఈ పరీక్ష మళ్లీ చేయాలి. నకలు తీసి అసలును చెరిపితే కొత్త చోటి అనుమతులు వర్తిస్తాయి.

విద్యా సంవత్సరం ముగిశాక బడి విడిచే పిల్లలకు వారి ఫైళ్లు ఇచ్చి, ఖాతాలను మొదట నిలిపివేయాలి. ధ్రువపత్రాల కోసం వారు జూన్, జూలైల్లో మళ్లీ బడికి వస్తారు గనుక, ఫోల్డర్లను అప్పటిదాకా ఉంచి ఆ తర్వాతే తొలగించడం మంచిది.