కమాను పట్టీ కత్తి అయిన కథ

నా సొరుగులో జేబు చాకులు పదకొండున్నాయి. కొమ్ము పిడివి కొన్ని, ఇత్తడి పట్టీలవి కొన్ని, అన్నీ మడిచేవే. ఇల్లు దాటే ముందు తాళాలతో పాటు ఒకటి జేబులో వేసుకోవడం పాతికేళ్ళ అలవాటు. అలాంటిది రెండేళ్ళుగా నా సంచిలో మడవని కత్తి ఉంటోంది. బస్తర్‌లోని జగదల్‌పూర్ దగ్గరి వారపు సంతలో, గోనెపట్టా మీద పరిచిన కొడవళ్ళ మధ్య దొరికింది. జానెడు కూడా ఉండదు. వెదురు పిడి, పిడి మూతికి ఇనుప పొన్ను, అలుగు వెన్ను పొడవునా సుత్తి దెబ్బల గుంటలు. "దేంతో చేశారు దాదా?" అంటే కమ్మరి ఒక్క మాటే అన్నాడు: "కమానీ." లారీ బరువు మోసే కమాను పట్టీ!

ఆ మాట నన్ను పట్టుకుంది. మడత చాకుకు ప్రాణం కూడా కమానే మరి. పిడి వెన్నులో దాగిన ఉక్కు బద్ద అలుగు మడమను నొక్కి పట్టడం వల్లే చాకు 'టక్'మని తెరుచుకుని నిలుస్తుంది. రెండున్నర వేల ఏళ్ళ నాటి మడత కత్తి ఆస్ట్రియాలోని హాల్‌స్టాట్‌లో దొరికింది. తొలినాటివి ఒట్టి రాపిడి మీద నిలిచేవి. కమాను చేరాక చాకు దశ తిరిగింది. 1897లో స్విట్జర్లాండ్‌కు చెందిన కార్ల్ ఎల్సెనర్ రెండే కమాన్ల మీద ఆరు పనిముట్లు నిలబెట్టాడు.

బస్తర్ అడవిలో మడత పనికిరాదు. అక్కడి కత్తి వెదురు చీల్చాలి, నార తీయాలి, జీలుగు గెలను రోజూ పలచగా కోయాలి. జీలుగు కల్లును అక్కడ సల్ఫీ అంటారు. ఆ జిగురు, బురద మడతలోకి చేరితే చాకు బిగుసుకుపోతుంది. అందుకే అక్కడ అలుగు తోకను ఎర్రగా కాల్చి పిడిలోకి దించేస్తారు.

ఈ కత్తికి ముత్తాత మట్టి కొలిమిలో పుట్టాడు. మనిషి ఎత్తు కూడా లేని ఆ కొలిమిలో కట్టెబొగ్గు, ఇనుపరాయి పొరలు పొరలుగా పోసేవారు. తోలు కప్పిన రెండు తిత్తులమీద నిలబడి, ఒక కాలి మీద నుంచి మరో కాలి మీదికి బరువు మార్చుతూ తొక్కేవారు. అణిగిన తోలును వంచి కట్టిన వెదురు బొంగులు మళ్ళీ పైకి లాగేవి. అక్కడా కమానే, వెదురు కమాను! ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి. ఆ కొలిమి వేడి 1200 అటూఇటూ. కనుక ఇనుము కరగదు. బొగ్గు నుంచి పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ రాయిలోని ఆక్సిజన్‌ను లాక్కుపోతుంది, మలినాలు చిట్టెంగా కరిగి కారిపోతాయి, స్పంజు లాంటి ముద్ద మిగులుతుంది. దాన్ని సమ్మెటతో బాదితే లోపలి చిట్టెం పిండినట్టు బయటపడుతుంది. మధ్య భారతంలో ఈ విద్య బతికించిన అగారియా తెగ గురించి మానవశాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1942లో ఒక పుస్తకమే రాశాడు. కొలిమి మీద పన్ను, బొగ్గుకు అడవి చట్టాల అడ్డు, చవక విదేశీ ఇనుము కలిసి వాళ్ళ చేతులు కట్టేశాయి. నాకు ఇది ఇప్పటికీ మింగుడుపడదు.

ఎందుకంటే ఇనుపరాయికి లోటు లేదు. ఎద్దు మూపురంలా కనిపించే బైలాదిలా కొండలో ప్రపంచంలోని మేలైన ఇనుప ఖనిజాల్లో ఒకటి ఉంది. 1968 నుంచి అది కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మీద, అరకు లోయ సొరంగాలు దాటి విశాఖ రేవుకు చేరుతోంది. పక్కనున్న కమ్మరికి మాత్రం దిక్కు పాత లారీ పట్టీయే.

అయితే ఆ పట్టీ తక్కువ సరుకేం కాదు. అందులో కార్బన్ సుమారు 0.5 నుంచి 0.6 శాతం, పైగా సిలికాన్. ముత్తాతల మెత్తని ఇనుముకంటే పదును బాగా పడుతుంది. నేను అడిగితే కమ్మరి చేసి చూపించాడు. అలుగు నారింజ రంగుకొచ్చాక అంచు వరకే నీళ్ళలో ముంచాడు. 'చుయ్'మంది. ఆ క్షణంలో కార్బన్ పరమాణువులు తప్పించుకునే వ్యవధి లేక ఇనుప స్ఫటికాల్లో ఇరుక్కుపోతాయి. అంచు గాజులా గట్టిపడుతుంది, గాజులాగే పెళుసు కూడా. వెన్నులో మిగిలిన వేడి మెల్లగా అంచుకు దిగుతుంటే, రాతి మీద రుద్ది తెల్లబరిచిన చోట గడ్డి రంగు పాకింది. అది గోధుమ రంగుకు తిరగబోతుండగా అలుగు మొత్తాన్ని నీళ్ళలో వదిలేశాడు. ఉష్ణమాపకం లేదు, కన్నే కొలత. అంచు గట్టిది, వెన్ను సాగేది: ఒకే కత్తిలో రెండు ఉక్కులు.

తొలి వేసవిలో పచ్చిమామిడి కోశాను. సాయంత్రానికి అలుగు నీలినలుపుకు తిరిగింది. పులుపు, వగరు కలిసి ఇనుము మీద వేసిన పొర అది. తోమేయలేదు. ఇప్పనూనె చుక్క రాసి వదిలేశాను. రెండేళ్ళ సానకు అలుగు గోరంచు మేర సన్నబడింది. ఇంకా అరిగి కోతకు పనికిరాకుండా పోయిన రోజు, ఆ కమ్మరి దగ్గరికే పట్టుకెళ్ళి చిన్న ఉలి చేయించుకుంటాను.