శ్రీలంకకు ఏ మాసమున పోవలెను? – అపోహలు, వాస్తవములు

ఉష్ణమండల దేశములకు యాత్ర తలపెట్టినవారు మొట్టమొదట అడుగు ప్రశ్న ‘ఏ నెల మంచిది?’ అనునది. ప్రశ్న సహజమైనదే, కాని మన పొరుగుననున్న శ్రీలంక విషయమున దానికి వినవచ్చు సమాధానములు పెక్కు అర్ధసత్యములు. వానిని నమ్మి కొందరు ప్రయాణమే మానుకొనుచుండగా, మరికొందరు కల్లోలసముద్రము నెదుట కూర్చుండి సెలవులను వ్యర్థము చేసికొనుచున్నారు.

అపోహ: డిసెంబరు మొదలు మార్చి వరకు మాత్రమే శ్రీలంక దర్శనీయము.

వాస్తవము: ఈ మాట నైరుతి తీరమునకు మాత్రమే చెల్లును. మే నుండి సెప్టెంబరు వరకు వీచు నైరుతి రుతుపవనము కొలంబో, గాలె తీరములను తడిపి, ద్వీపమధ్యమున 2,524 మీటర్ల పిదురుతలగల శిఖరము వరకు లేచియున్న పర్వతశ్రేణిని తాకి, తన నీటిభారమును అచ్చటనే దించుకొని, ఆవలివైపునకు పొడిగాలియై దిగును. కావుననే పడమట కెరటములు విరుచుకుపడు ఆ నెలలలోనే తూర్పున ట్రింకోమలీ, పాసికుడా తీరములలో సముద్రము ప్రశాంతముగ నుండును. ఊవా కొండలలోని తేయాకునకు విశేషపరిమళము అబ్బుటయు ఆ పొడిగాలి చలువయే. డిసెంబరు నాటికి ఈ క్రమము తలక్రిందులగును: మన నెల్లూరు సీమకు వానలిచ్చు ఈశాన్య రుతుపవనమే ట్రింకోమలీని తడుపును.

అపోహ: రుతుపవన మాసములలోనే వానలు మెండు, అప్పుడు పగలెల్ల ముసురే.

వాస్తవము: కొలంబోలో జూలై, ఆగస్టు నెలలకన్న, రెండు రుతుపవనముల నడిమి సంధికాలమైన అక్టోబరు, నవంబరు నెలలలోనే వర్షము అధికము. ఆ సంధికాలమున సైతము తరచుగ ఉదయము తెరపిగా నుండి, ఎండ ముదిరినకొలది మబ్బులు పేరుకొని, మధ్యాహ్నము దాటిన పిమ్మట ఉరుములతో వాన కురియును. పెందలకడ బయలుదేరినవారికి దర్శనీయములన్నియు దక్కును.

అపోహ: వేసవి సెలవులలో అచ్చటి ఎండ భరింపరానిది, చలికాలముననే చల్లన.

వాస్తవము: భూమధ్యరేఖకు చేరువనున్న ఆ ద్వీపమున నెలనెలకు ఉష్ణోగ్రతలో కలుగు భేదము స్వల్పము. చల్లదనమును నిర్ణయించునది మాసము కాదు, ఎత్తు. సుమారు 1,870 మీటర్ల ఎత్తుననున్న నువర ఎలియలో మే నెల రాత్రియందును ఉన్నివస్త్రము కావలసివచ్చును.

అపోహ: సందర్శకులు పలుచబడు నెలలలో చూడదగినదేదియు నుండదు.

వాస్తవము: మూడవ శతాబ్దమున మహాసేనుడు త్రవ్వించిన మిన్నేరియ చెరువు ఆగస్టు, సెప్టెంబరు నెలలలో నీరు తీసి, బయటపడిన అడుగున లేతపచ్చిక మొలచినప్పుడు, దానిని మేయుటకై గున్నలతో కూడిన ఏనుగుల మందలు వందల సంఖ్యలో చేరును. క్యాండీ నగరపు దంతధాతువు ఉత్సవము జూలై, ఆగస్టులలోనే జరుగును. శ్రీపాద పర్వతారోహణమునకు మాత్రము డిసెంబరు పూర్ణిమ నుండి వైశాఖ పూర్ణిమ వరకు అనువైన కాలము.

కావున యాత్రికులారా, పంచాంగమును చేతబట్టుటకు ముందు దేశపటమును ముందిడుకొనుడు. ఏమి చూడవలెనో, అది కొండకు ఏ దెసనున్నదో మొదట తేల్చుకొనుడు. మాసము ఆ వెనుక దానంతట అదియే తేలును. శ్రీలంకలో యాత్రకు ఏదో యొక దిక్కు అనుకూలింపని నెల మిక్కిలి అరుదు.