బొద్దక్షరమునకు ప్రాణము దానిలోని తెలుపే

మంచిర్యాల ప్రాంతమున సింగరేణి గనులకు పేరొందిన శ్రీరాంపూర్‌లో, బొగ్గుబాయి దిగబోవు కార్మికుడు షిఫ్టు వేళకు వడివడిగా నడచుచు దారిప్రక్క హెచ్చరిక పలకను ఒక్కచూపులో చదువుకొనవలసి యుండును. తెల్లవారుజాము మసకలో, దుమ్ము క్రమ్మిన రేకుపై ఆ మాట స్పష్టముగా గోచరింపవలెనన్నచో, అక్షరాకృతిని గూర్చి ఎవరో ముందుగా శ్రద్ధ వహించి యుండవలెను.

అట్టి ప్రయోజనమునకు అనువైనది గుండ్రని కొసలు గల బొద్దక్షరము. ఇందు గీత ఆద్యంతము ఇంచుమించు ఒకే మందమున సాగును. కొసలు మొనదేలక నునుపుగా ముగియును. ఆంగ్లలిపికి ఈ వర్తులత్వము రూపకర్త సమకూర్చిన గుణము కాగా, తెలుగు లిపికి జన్మసిద్ధము. అయినను తెలుగున బొద్దక్షరము దిద్దుట సులభము కాదు. గీత బలిసినకొలది అక్షరగర్భమునందలి ఖాళీ తగ్గును. 'ఠ'లోని చుక్క పూడినచో అది 'ర'గా, 'థ'లోని చుక్క పూడినచో అది 'ధ'గా భ్రాంతి గొల్పును. శ్రీరాంపూర్ అను పేరునే పరికింపుడు: మొదటి అక్షరమునకు పైన గుడిదీర్ఘము, చుట్టివచ్చు క్రావడి, పిదప దీర్ఘము, సున్న, కొమ్ముదీర్ఘము, తుదకు పొల్లు. ఇవన్నియు ఒకదానినొకటి ఒరయకుండ నిలుపుటకై నేర్పరియైన రూపకర్త ఇరుకైన సంధులలో గీతను పలుచన చేసి, విశాలమైన చోట్ల నిండుగా వదలును. కంటికి ఏకరీతిగా తోచు ఆ మందము వెనుక ఇట్టి సూక్ష్మవ్యత్యాసము లెన్నియో దాగియుండును.

ముంబయిలోని ఏక్ టైప్ బృందము 2016లో వెలువరించిన 'బలూ' అను ఖతుల (ఫాంట్ల) కుటుంబము ఇందుకు చక్కని నిదర్శనము. తొమ్మిది భారతీయ లిపులకు ఒకే బొద్దుదనమును సమకూర్చిన ఆ కుటుంబమున తెలుగు ఖతి పేరు 'బలూ తమ్ముడు'. తమిళ ఖతి 'తంబి', కన్నడ ఖతి 'తమ్మ'. తరువాతి కూర్పున ఐదు మందములు చేరినవి. సిలికానాంధ్ర సంస్థ అందించిన 'రామభద్ర' కూడ శీర్షికలకు తగిన బొద్దు ఖతియే. ఇవి యన్నియు స్వేచ్ఛా లైసెన్సుతో లభించుటచే, చిన్న ఫ్లెక్సీ దుకాణము మొదలుకొని పాఠశాల వరకు ఎల్లరును రుసుము లేకయే వాడుకొనవచ్చును.

వాడుక యందు మితము అవసరము. దుకాణపు పేరు, పుస్తకపు అట్ట, గోడపత్రిక, హెచ్చరిక పలక బొద్దక్షరముల రంగస్థలములు. పుట నిండ పరచినచో కన్ను త్వరలో అలసిపోవును. వత్తులు క్రిందికి దిగునుగనుక పంక్తికిని పంక్తికిని నడుమ ధారాళముగా చోటు విడువవలెను. బ్యానరు కొలతకు సరిపెట్టుటకై అక్షరమును అడ్డముగా సాగదీయుట కూడదు. అప్పుడు నిలువు గీతలు ఉబ్బి, అడ్డగీతలు పూర్వపు మందముననే నిలిచి, రూపకర్త కూర్చిన తూకమంతయు చెడును.

కావున పలక వ్రాయించువారు అచ్చునకు ముందు నమూనాను దూరమున నిలిపి, అక్షరగర్భములోని తెలుపు నిలిచినదో లేదో చూడవలెను. గనికి పోవు మనుష్యునకు మాట తప్పక అందవలెనన్న బాధ్యత కలవారికి ఇది కనీస ధర్మము.